బేబీ కాదు, బాబు

మా రేడియో అంకుల్ పోయారు. మొన్న ఆదివారం పొద్దున ఆంటీ కాఫీ పట్టుకెళ్ళి లేపితే లేవలేదట. ఫోన్‌లో ఆవిడ ఏడవలేదు. రెండేళ్ళ డయాలసిస్ బాధ నిద్రలోనే తీరిపోయిందని, సూదులూ ట్యూబులూ లేకుండా మంచి దుప్పటి కప్పుకుని వెళ్ళిపోయారని చెప్పింది. ఉన్నమాట చెప్పాలంటే నాకూ ముందు హమ్మయ్య అనిపించింది. దుఃఖం ఆ తర్వాత తీరిగ్గా వచ్చింది.

నోవై ఊరు దాటి ఇంకా పడమటికి వెళ్తే వచ్చే చిన్న టౌన్‌షిప్ మాది. ఇక్కడ ఫైర్ డిపార్ట్‌మెంట్ అంతా వాలంటీర్లే. ప్లంబరు, స్కూల్ బస్సు డ్రైవరు, పళ్ళ డాక్టరు, ఎవరి పనుల్లో వాళ్ళుంటారు. పిలుపొస్తే పని వదిలేసి పరుగెత్తుతారు. ఆ పిలిచే గొంతు అంకుల్‌ది. కార్ల కంపెనీలో ఇంజనీరుగా రిటైరయ్యాక, ఇంట్లో ఉంటే ఆంటీతో గొడవలవుతున్నాయని స్టేషన్‌లో రేడియో ముందు కూర్చున్నారు. ఇక అక్కణ్ణుంచి లేవలేదు.

ఆయన నాకు పరిచయమైంది మా ఇల్లు అంటుకున్న రోజున.

మా వంటింట్లో పోపు వేస్తే చాలు, స్మోక్ అలారం ఊరంతా వినబడేలా అరిచేది. మనవాళ్ళ ఇళ్ళల్లో చాలామంది చేసే పనే అమ్మా చేసింది. దాని బ్యాటరీ పీకి డ్రాయర్లో పడేసింది. ఆ శీతాకాలం ఒక మధ్యాహ్నం అప్పడాలకని నూనె పెట్టి, పిన్నితో ఫోన్‌లో కబుర్లలో పడింది. నూనె అంటుకుంది, కర్టెన్ అంటుకుంది. మెట్ల వైపు పొగ కమ్మేసేసరికి అమ్మ వెనక తలుపులోంచి చెప్పులతోనే మంచులోకి పరుగెత్తి 911కి ఫోన్ చేసింది. "హౌస్ ఫైర్, మై బాబు ఇన్‌సైడ్" అంది.

నేను బేస్‌మెంట్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీటింగ్‌లో ఉన్నాను. పైన ఇల్లు తగలబడుతోందని నాకు తెలియదు.

ఫోన్ ఎత్తిన వాళ్ళకి బాబు కాస్తా బేబీలా వినబడింది. తప్పు పట్టడానికి లేదు, ఇంగ్లీషు చెవికి అలాగే వినబడుతుంది. పసిబిడ్డ లోపల ఉందన్న కబురు మా స్టేషన్‌కి అందింది. వెళ్ళిన ఇద్దరు పొగలో మోకాళ్ళ మీద పాకుతూ పై అంతస్తులో ఉయ్యాల కోసం వెతకడం మొదలుపెట్టారు. అంకుల్ ఆ కబురు విన్నారు, స్క్రీన్ మీద మా తెలుగు ఇంటిపేరు చూశారు, బేబీ కాదు బాబేమోనని అనుమానం వచ్చింది. అమ్మ నంబరుకి తనే ఫోన్ చేశారు.

"అమ్మా, ఫైర్ స్టేషన్ నుంచి మాట్లాడుతున్నాను. బాబుకి వయసెంత?"

"ముప్పై ఆరండీ."

"ఎక్కడున్నాడు?"

"ఆఫీస్‌లో అండీ."

ఇంకొకరైతే అక్కడ ఊపిరి పీల్చుకుని, ఇంట్లో ఎవరూ లేరని చెప్పేసేవారు. అంకుల్ మాత్రం అదే నిదానమైన గొంతుతో, "ఆఫీస్ అంటే ఎక్కడమ్మా?" అని అడిగారు.

"ఇంట్లోనేనండీ, కింద. బేస్‌మెంట్‌లో."

మరుక్షణం రేడియోలో ఆయన మాట వెళ్ళింది. బేబీ కాదు, పెద్దమనిషి, బేస్‌మెంట్‌లో ఉన్నాడు. కాసేపటికి నా భుజం మీద ఒక పెద్ద గ్లవ్ పడింది. తిరిగి చూస్తే మాస్కు వేసుకున్న ఆకారం. మీటింగ్‌లో వాళ్ళకి "సారీ, ఐ హావ్ టు డ్రాప్" అని చెప్పి మరీ లేచానట. ఆ మాట తర్వాత స్టేషన్‌లో అందరూ నన్ను ఆటపట్టించడానికి పనికొచ్చింది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఆ మెట్లు ఎక్కే వీలుండేది కాదని కూడా వాళ్ళే చెప్పారు.

వంటిల్లు పోయింది, నేను మిగిలాను. కానీ అమ్మ నన్ను బాబు అనడం మానేసింది. కన్నకొడుకుని ఆఫీసు వాళ్ళలా పూర్తి పేరు పెట్టి పిలవసాగింది. ఆ ఒక్క మాటతో నన్ను చంపుకునేదాన్నని రాత్రీ పగలూ కుమిలిపోయింది. ఈ సంగతి ఎవరో చెప్తే అంకుల్ మేం దిగిన అపార్ట్‌మెంట్‌కి వచ్చారు. అమ్మ ఇచ్చిన టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "మీరు తప్పు చెప్పలేదమ్మా. మేం తప్పు విన్నాం. వినడం మా పని" అన్నారు.

ఆయన వెళ్ళాక అమ్మ, "బాబూ, గ్లాసు అందుకో" అంది. ఆ పూట నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత నేనూ వాలంటీర్‌గా చేరాను. రేడియో పని నేర్పింది ఆయనే. ఏది విన్నా తిరిగి చెప్పించేవారు. "ఓకే అనకు. ఓకే అంటే విన్నావని కాదు, విసిగావని" అనేవారు. "కంగారు వాళ్ళది, చెవి మనది" అని ఇంకో మాట. ఇంట్లోనూ అదే వరస. రేడియో భాషలో కాపీ అంటే విన్నానని. ఆంటీ పాలు తెమ్మంటే "పాలు, ఒక గ్యాలన్, కాపీ" అని బయల్దేరేవారు. మనవాళ్ళ పార్టీలకి ఆలస్యంగా వచ్చేవాళ్ళంటే ఆయనకి వినోదం. "ఆన్ ది వే అంకుల్" అని ఎవరైనా అంటే, ఏ రోడ్డు, ఏ ఎగ్జిట్ దగ్గరని నిదానంగా అడిగేవారు. అవతలివాళ్ళు ఇంకా స్నానానికి లేవలేదని తేలేది. కోప్పడేవారు కాదు, హాయిగా నవ్వేవారు.

ఫైర్ డిపార్ట్‌మెంట్లలో ఒక ఆచారం ఉంది. పోయినవాళ్ళ రేడియో నంబరుని చివరిసారి రేడియోలో పిలుస్తారు. జవాబు రాదు. అప్పుడు డ్యూటీ ముగిసిందని ప్రకటిస్తారు. అంకుల్‌ని పిలిచే పని చీఫ్ నాకు అప్పగించాడు. ఫ్యునరల్ హోమ్‌లో ఆంటీ పక్కన అమ్మ కూర్చుంది. బయట మంచులో ఫైర్ ఇంజన్ల పక్కన మావాళ్ళు వరసగా నిలబడ్డారు.

నంబరు పిలిచాను. గరగర తప్ప ఏమీ లేదు. మళ్ళీ పిలిచాను. మూడోసారి పిలవాలని మైక్ నొక్కాను. ఈ ఆచారం సంగతి అమ్మకి ఎవరూ చెప్పలేదు. ఆవిడ లేచి నా దగ్గరికొచ్చి, మోచేతి మీద చెయ్యి వేసింది.

"ఇంక పిలవకు. ఆయన్ని పడుకోనీ."

నా వేలు ఇంకా మైక్ బటన్‌ని నొక్కే ఉంది. అమ్మ మాట లోపలున్న రేడియోల్లోంచీ, బయట ఇంజన్లలోంచీ తెలుగులోనే వినబడింది. ఒక్కరికీ అర్థమై ఉండదు. కిటికీలోంచి చూస్తే, మంచులో నిలబడ్డవాళ్ళందరూ టోపీలు తీసేశారు.