తుపాకీకి పెట్టిన బొట్టు

నిన్న మా మేనకోడలు తాను తీసిన చిన్న సినిమాను ఫోనుకు పంపింది. చివర పేర్లు వరుసగా పైకి పోతుంటే కళ్లద్దాలు సవరించుకుని చదివాను. అందరికన్నా ముందు ‘మా అత్తమ్మకు కృతజ్ఞతలు’ అని ఉంది. పూటపూటకూ దేవునికి కృతజ్ఞత చెప్పుకునే మనిషిని, నాకే ఒకరు చెప్తే తలెత్తలేకపోయాను.

ఆరేళ్ల కిందట కల్వకుర్తి దగ్గర పల్లెలో తమ్ముడి ఇంట్లో ఉండేదాన్ని. డిగ్రీ చదివే మేనకోడలు స్నేహితులతో తీసే సినిమా కోసం హైదరాబాదు నుంచి ప్లాస్టిక్ తుపాకీ తెచ్చింది. అచ్చం నిజమైనదే, మూతికి మాత్రం నారింజ రంగు. పద్ధతి గల పిల్ల; ఎక్కడ తీస్తారో, ఎప్పుడు తీస్తారో రాసి పోలీసు స్టేషనులో ముందే ఇచ్చి వచ్చింది. నేను బడికి పోలేదు. భజన పాటల పుస్తకం ముందేసి మా బాపే ఇంట్లో అక్షరాలు నేర్పాడు. దసరానాడు ఇంట్లో ఏ పనిముట్టూ మురికిగా ఉండొద్దన్నదీ ఆయన నేర్పిందే. ఆ దసరాకు కత్తిపీట, గొడ్డలి, నా కుట్టుమిషను తోమాక మేనకోడలి సంచిలో తుపాకీ కనిపించింది. అదీ ఆయుధమే కదా. మూతి మీద ఎక్కడిదో రంగు ఒలికిందనుకుని కిరోసిన్ గుడ్డతో ఓపికగా రుద్దాను. నల్లగా మెరిసింది. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పూజయ్యాక మళ్లీ సంచిలో సర్ది, నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మర్నాడు గుట్ట దగ్గర పిల్లలు సంచి విప్పి, రంగేదని వెతుక్కునేలోపే గొర్రెలు మేపే ఒకాయన చూసి భయపడి పోలీసులకు ఫోను చేశాడు. జీపు వచ్చింది. కబురు తెలిసి తమ్ముడు, నేను స్టేషనుకు పరుగెత్తాం.

ఎస్సై మేనకోడలు రాసిచ్చిన కాగితం ముందు పెట్టుకుని ఆమెను అడిగాడు. “మూతి రంగు తియ్యబోమని నువ్వే రాసిచ్చినవ్. మరెందుకు తీసినవమ్మా? గీ బొట్టేంది, తుపాకికి పెండ్లి చేస్తున్నరా?”

మేనకోడలు బొట్టును చూసింది. తర్వాత నన్ను చూసింది.

“నేనే తీసిన సార్. రంగుంటే ఉత్తదని తెలుస్తదని.”

లోపల రామనామం నడుస్తూనే ఉంది, బయట పెదవి కదల్లేదు. పోలీసులంటే భయం కాదు. నలుగురిలో నాకేమీ తెలియదని తేలిపోతుందని సిగ్గు. ఎస్సై తుపాకీ ఉంచుకుని, మందలించి పంపేశాడు. ఇంటికొచ్చాక తమ్ముడు కెమెరాను బీరువాలో పెట్టి తాళం వేశాడు.

“గింత సదివినవ్, ఏం ఫాయిద? మీ అత్తను జూసి నేర్చుకో,” అన్నాడు కూతురితో.

అప్పుడూ నేను నోరు విప్పలేదు. కాసేపటికి ఆ పిల్ల వంటింట్లోకి వచ్చి మెల్లగా అంది: “అత్తమ్మా, జర ఆ కిరోసిన్ గుడ్డ పారెయ్యి. మా బాపుకు వాసనొస్తది.”

రెండేళ్లు ఆ కెమెరా బయటికి రాలేదు. ఒక్కనాడూ ఆమె నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఇంత మంచి పిల్లనిచ్చినందుకు దేవునికి రోజూ దండం పెట్టుకుంటాను. అసలు మాట మాత్రం తమ్ముడికి చెప్పలేదు. నిన్నటి సినిమాలోనూ తుపాకీ ఉంది. మూతికి నారింజ రంగు కనిపిస్తూనే ఉంది, ఆమె దాచలేదు. నిజం చెప్పడానికి నేను మంచిరోజు చూస్తున్నాను; అలా చూస్తుండగానే ఆరు దసరాలు దాటిపోయాయి.