స్టీరింగా, సీటా

నా చిన్నప్పుడు లారీ చెడిపోతే సంతోషించేదాన్ని. మా నాయన చింతపండు బస్తాలు వేసుకుని సేలానికీ బెంగుళూరుకూ తిరిగే పాత మిలిటరీ లారీ అది. సైన్యం వాడి వదిలేసిన బండిని వేలంలో కొనుక్కొచ్చి, పచ్చరంగు మీద నీలం కొట్టించాడు. అమ్మ పోయి అప్పటికి రెండేళ్లు. ధర్మపురిలో మా ఇంట్లో మిగిలింది నాయనా నేనూ. ఆయన లోడు మీద పోతే నేను పక్కింటి అత్త దగ్గర ఉండేదాన్ని. ఆమె నాకు ఏ లోటూ చేయలేదు. ఆమె పిల్లలు నలుగురూ ఒకరి కంచంలోది ఒకరు లాక్కుని తినేవాళ్లు. నా కంచం జోలికి మాత్రం ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఆ మర్యాదకే నాకు ఏడుపు వచ్చేది.

నాకు పదేళ్లప్పుడు, బడి సెలవుల్లో, నాయన నన్ను మొరప్పూర్ దాకా లారీలో తీసుకుపోయాడు. స్టేషన్ దగ్గర బస్తాలు దించి ఖాళీ బండితో తిరిగి వస్తున్నాం. రోడ్డు మీద చిన్న గుంట తగిలింది. అంతే, బండి మొత్తం వణకడం మొదలుపెట్టింది. నేను ఆయన పక్కనే కూర్చుని అంతా చూశాను. మొదట స్టీరింగ్ ఆయన చేతుల్లో అటూ ఇటూ కొట్టుకుంది. ఆ తర్వాతే సీటు అదిరింది. నాయన వేగం తగ్గించాక వణుకు ఆగింది. ఇంటికి చేరేసరికి ఆయన చొక్కా చెమటతో వీపుకు అతుక్కుపోయి ఉంది.

మరునాడు చెట్టికరై నుంచి ఒక తాతను పిలుచుకొచ్చాడు. సైన్యంలో ఇలాంటి బండ్లను ఏళ్ల తరబడి బాగుచేసి, పింఛను తీసుకుని వచ్చిన మనిషి. ఆ తమిళ ఊళ్లో మాలాగే తెలుగు మాట్లాడేవాడు. ఊళ్లో అందరికీ ఆయన మిలిటరీ తాత. అప్పుడే కంటికి ఆపరేషన్ అయి, ఒక కన్నుకు పచ్చగుడ్డ కట్టుకుని ఉన్నాడు. కుదుపులు తగలకూడదని డాక్టరు చెప్పడంతో లారీ ఎక్కలేదు. నులక మంచం మీద కూర్చుని, వణుకు ఎక్కడ మొదలైందని అడిగాడు. నాయన తేల్చి చెప్పలేకపోయాడు. మిలిటరీ బండి స్టీరింగ్ ఎప్పుడూ కొంచెం కొట్టుకుంటూనే ఉంటుందని ఆయన దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. తాత నా వైపు తిరిగాడు.

"పాపా, నువ్వు పక్కన ఉంటివి కదా. యాడ అదిరింది ముందు? స్టీరింగా, సీటా?"

"సీటు తాతా. ఎనక నుంచి వచ్చింది" అన్నాను.

ఎందుకు అలా అన్నానో అన్న క్షణంలోనే నాకు తెలుసు. ముందు నుంచి వచ్చే వణుకు స్టీరింగ్‌లో తెలుస్తుందనీ, వెనక నుంచి వచ్చేది సీటులో తెలుస్తుందనీ తాతే కాసేపటి ముందు నాయనకు చెబుతుంటే విన్నాను. వేరేచోట వెతికితే ఇంకో దినం పడుతుంది. నాయన ఇంకో దినం ఇంట్లో ఉంటాడు. నా లెక్క అంతే.

రెండు దినాలు ఉన్నాడు. తాత మంచం మీద నుంచి చెబుతుంటే నాయన వెనక చక్రాలన్నీ దించి, కడిగి, చూసి, మళ్లీ బిగించాడు. మధ్యాహ్నం తానే రాగి సంగటి చేశాడు. అది గట్టిపడి గరిటెకు అతుక్కుంటే ఇద్దరం నవ్వుకున్నాం. గ్రీసు వాసన వచ్చే చేతులతో నాకు రెండు జడలు వేశాడు. ఒక జడ పైకి, ఒక జడ కిందికి వచ్చింది. నేను విప్పనివ్వలేదు.

వెనక ఏ దోషమూ దొరకలేదు. లోడు కోసం సేలంలో షావుకారు ఎదురుచూస్తున్నాడనీ, రేపు మెల్లగా నడుపుకుంటూ పోతాననీ నాయన అన్నాడు. తాత ఒప్పుకోలేదు. డాక్టరు మాట పక్కనపెట్టి తానే లారీ ఎక్కాడు. నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని, నాయనను మొరప్పూర్ రోడ్డు మీద నడపమన్నాడు. వణుకు మొదలవగానే చెయ్యి చాచి నాయన పట్టుకున్న స్టీరింగ్ మీద వేశాడు. కొంచెంసేపు అలాగే ఉంచాడు. తర్వాత కట్టులేని కన్నుతో నన్ను చూశాడు. నాకు ఇంటి దాకా తల ఎత్తడానికి ధైర్యం చాలలేదు.

ఇంటికి వచ్చాక ముందు చక్రాన్ని జాకీ మీద లేపించాడు. తిరిగే చక్రం అంచుకు సుద్దముక్క ఆనించి చూశాడు. గీత చుట్టూ సమంగా పడింది కాబట్టి రిమ్ము వంగలేదన్నాడు. తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపమన్నాడు. నాయన ఊపితే లోపల టక్ టక్ మంది.

"పాపా, నువ్వు ఎక్కి బ్రేకు తొక్కు. బ్రేకుతో ఊగడం నిలిస్తే బేరింగు. నిలవకపోతే కింగ్ పిన్ను."

ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఆధారంగా ఉండే ఇనుప కడ్డీ అది. నేను స్టీరింగ్ పట్టుకుని, రెండు కాళ్లతో బ్రేకు మీద నిలబడ్డాను. కింద టక్ టక్ ఆగలేదు. నా పాదాల కింద కూడా తెలిసింది.

సాయంత్రానికి ఆ కడ్డీ బయటికి వచ్చింది. ఒక పక్క ఎలుక కొరికినట్టు అరిగిపోయి ఉంది. నాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"రేపు దీంతోనే తొప్పూరు ఘాట్ దిగాలని ఉంటిని" అన్నాడు.

సేలం దారిలోని ఆ ఘాట్ మలుపులు నాకు తెలుసు. లోయలో తిరగబడిన లారీలను చూడకుండా నాయన నన్ను కళ్లు మూసుకోమనేవాడు. నేను పెరట్లోకి పోయి బట్టలుతికే బండ వెనక కూర్చున్నాను. ఏడుపు కూడా రాలేదు.

కాసేపటికి తాత గోడ పట్టుకుంటూ వచ్చి బండ మీద కూర్చున్నాడు.

"ఎందుకు అట్ల చెప్పినావు?"

"బండి బాగైతే నాయన పోతాడు."

ఆయన తిడతాడనుకున్నాను. కాని తన సంగతి చెప్పాడు. ఆయన ఎక్కడో సరిహద్దులో ఉన్నప్పుడు భార్య ప్రతి జాబులోనూ బాగున్నానని రాసేదట. ఆయనా బాగున్నానని రాసేవాడట. ఆమెకు జబ్బని తెలిసి సెలవు పెట్టి వచ్చేసరికి ఆమె పోయిందట, ఇంటికి తాళం వేసి ఉందట.

"ఇద్దరమూ బాగలేము పాపా. ఇద్దరమూ చెప్పుకోలేదు. బండికి నోరు లేదు, నేను వెతకల్ల. నీకు నోరుంది. నొప్పి యాడ ఉంటే ఆడే చెప్పల్ల. నేను మీ నాయనతో ఏమీ చెప్పను. నువ్వే చెప్పు. సరేనా?"

నాయన కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటుంటే పోయి చెప్పాను. అబద్ధం సంగతీ చెప్పాను, ఆయన లేనప్పుడు నాకు ఎలా ఉంటుందో అదీ చెప్పాను. ప్రతిసారీ నన్ను నిద్ర లేపకుండా ఎందుకు పోతావని కూడా అడిగాను. ఆయన చేతులు తుడుచుకోవడం మరిచిపోయి నిలబడ్డాడు.

"నువ్వు ఏడుస్తావని కాదు పాపా" అన్నాడు. "నేను ఏడుస్తానని."

సేలం నుంచి కొత్త కడ్డీ తెప్పించి బిగించారు. మూడో దినం తెల్లవారకముందే నాయన నన్ను లేపాడు. పోతున్నానన్నాడు. ఏ దినం వస్తాడో చెప్పాడు. వీధి మలుపు దాకా లారీ వణకకుండా పోయింది. నేను లోపలికి వచ్చి కూర్చున్నాను. ఇల్లు ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. ఆ ఖాళీ తగ్గిందని అంటే అబద్ధమవుతుంది. కాని అది నాలో ఉన్నట్టు ఇంకొకరికి తెలుసు. అంతకుముందు ఆ మాత్రం కూడా ఉండేది కాదు.

ఇప్పుడు మిలిటరీ తాతా లేడు, నాయనా లేడు. నా జుట్టూ తెల్లబడింది. లారీల గురించి నాకు ఈనాటికీ పెద్దగా తెలియదు. కాని ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే, బాగాలేని దినాన బాగున్నానని అనను. ఒంటరిగా ఉంటే ఒంటరిగా ఉందనే అంటాను. అలా అన్నందుకు ఎవరూ ప్రయాణం మానుకోరు, మా నాయనా మానుకోలేదు. అయినా చెబుతాను. విన్నవాళ్లలో కొందరు వెళ్లే ముందు ఇంకొంచెంసేపు కూర్చుంటారు.