శీనుగాడి సముద్రానికి కొలతలు

నిన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ మోగింది. శీను వాళ్లావిడ పద్మ చెల్లెమ్మ నంబర్. మాట్లాడింది మాత్రం కోటయ్యన్న.

"వలీ, శీను లేడురా. నిద్రలోనే..."

ఆ తర్వాత అన్న ఏం చెప్పాడో నాకు ఎక్కలేదు. ఎదురుగా రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. హారన్లు కూడా వినపడలేదు.

మన ఒంగోలు బ్యాచ్‌కి వాడు తెలుసు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా.

శీను నా పదో తరగతి బెంచ్‌మేట్. పర్చూరు దగ్గర వాళ్లన్న కోటయ్యది మిరప, పత్తి సేద్యం. వీడు ఒంగోల్లో విత్తనాల షాపు పెట్టుకున్నాడు. నాది అద్దాల షాపు.

తొంభైల చివర్లో బంధువుల పెళ్లికని అండమాన్ వెళ్లాడు. అక్కడ అడుగున అద్దం బిగించిన పడవ ఎక్కాడట.

అంతే. తిరిగొచ్చింది సగం మనిషే.

"ఒరేయ్, నీళ్ల కింద కళ్లంలో మిర్చి ఆరబోసినట్టుందిరా. ఎరుపు, ఊదా, పసుపు. పైగా ఆ కళ్లం ఊపిరి తీసుకుంటోంది!"

నాలుగేళ్లు అదే పాట. చివరికి ఆ సముద్రపు పగడాల్ని పెంచడానికి ఇంట్లోనే అద్దాల ట్యాంక్ పెడతానన్నాడు.

హాల్లో గచ్చు మీద సుద్దముక్కతో కొలతలు గీశాడు. రోజూ చెరపడం, మళ్లీ గీయడం. నెల రోజులు పద్మ, పాప ఆ గీతల చుట్టూ తిరిగి వంటింట్లోకి వెళ్లారు. తొక్కనిచ్చేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఆ గీతల లోపల వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్లు మూసుకుని. పైన ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోంది.

"ఏం చేస్తున్నావురా?"

"ఇంకాస్త వెడల్పు కావాల్రా. చేప తిరగడానికి చోటు చాలట్లేదు."

కళ్లు తెరవకుండానే చెప్పాడు.

నేను వినలేదు. విజయవాడలో ఒక హోటల్లో నిలువెత్తు ట్యాంక్ చూసొచ్చా. వెడల్పు తగ్గించి ఎత్తు మూడడుగులు పెడదాం, లుక్ అదిరిపోద్దన్నా. మొహమాటానికి సరేనన్నాడు.

ఎత్తు పెరిగితే అడుగున నీళ్ల ఒత్తిడి పెరుగుతుంది. అద్దం మందంగా ఉండాలి. నాకు తెలుసు.

షాపులో ఉన్నది పది ఎం.ఎం. అదే కోసి అతికించా.

కొత్తపట్నం జాలర్లు పడవేసుకుని లోపలికెళ్లి తెచ్చిన తేట నీళ్లు, డ్రమ్ముల్లో మోసుకొచ్చి నింపాం. మూడో రోజు ముందు అద్దం పగిలింది.

నీళ్లన్నీ పక్క గదిలోకి పోయాయి. అక్కడ కోటయ్యన్న వచ్చే ఏడు విత్తనానికని ఏరి దాచుకున్న మిరపకాయల బస్తాలు. అన్నీ ఉప్పునీళ్లలో నానిపోయాయి.

కబురంది వచ్చిన అన్న గుమ్మంలో నిలబడి అరిచాడు. "ఎవడ్రా ఇది చేసింది?"

నేను నోరు తెరిచా. శీను నా చెయ్యి నొక్కాడు.

"వలీ తప్పేం లేదన్నా. కొలతలు నేనే తప్పిచ్చా. వాడు వద్దన్నా వినలేదు."

ఏడాది పాటు అన్న తమ్ముడితో మాట్లాడలేదు.

నేను మొహం చెల్లక ఆ వీధికే వెళ్లడం మానేశా. రెండు నెలలకి వాడే షాపుకొచ్చాడు. కాగితం ముక్క కౌంటర్ మీద పెట్టాడు. పొడవు ఆరడుగులు, వెడల్పు మూడు. ఎత్తు ఇరవై అంగుళాలే.

"చెయ్యి పెడితే అడుగు అందాలిరా, లేకపోతే శుభ్రం చేసేదెట్టా? ఎత్తు తక్కువైతే వెలుగు కిందిదాకా దిగుద్ది. మన ఎండలకి పైన ఫ్యాన్లు పెట్టుకుంటే నీళ్లు చల్లబడతాయి."

"ఇంకెవరితోనన్నా చేయించుకోరా," అన్నా. కాగితం వాడి వైపే తోశా.

"నువ్వు కొయ్యకపోతే నాకు ట్యాంకే వద్దు."

ఈసారి పదిహేను ఎం.ఎం. తెప్పించా. ముందు మంచినీళ్లు నింపి, రెండు వారాలు రోజూ వెళ్లి అతుకులు వేలితో తడిమి చూశా. చుక్క కారలేదు.

చెన్నైలో ఒకాయన తన ట్యాంకుల్లో పెంచిన మెత్తటి పగడాల ముక్కలు శీను తెచ్చాడు. వచ్చినప్పుడు పిడికిళ్లలా ముడుచుకుని ఉన్నాయి. వారానికి ఒక్కోటి విచ్చుకున్నాయి. ట్యాంక్ లైట్ల నీలం వెలుతురులో కూర్చుంటే బయట ఒంగోలు ఎండ ఉందనే గుర్తుండేది కాదు. మా మాటలు కూడా నెమ్మదిగా వచ్చేవి.

ఒక రోజు ఏదో పని మీద వచ్చిన కోటయ్యన్న గుమ్మంలోనే ఆగిపోయాడు. చాలాసేపు చూశాడు.

"ఏరా, ఇవి పూలా, పురుగులా?"

ఏడాది తర్వాత తమ్ముడితో మొదటి మాట.

"జంతువులేనన్నా. కూర్చో."

ఆ రోజు అన్న అక్కడే భోంచేసి వెళ్లాడు.

నిజం చెప్పేస్తానని శీనుతో ఎన్నిసార్లు అన్నానో. "ఇప్పుడెందుకురా, అన్న నవ్వుతున్నాడుగా," అనేవాడు.

నిన్న సాయంత్రం అంతా అయ్యాక అన్న నన్ను పట్టుకుని ఏడ్చాడు. "నీ మాట వినుంటే ఆ రోజు అద్దం పగిలేది కాదు గదరా. మొండోడు."

ఇక నావల్ల కాలేదు. శ్మశానం గేటు దగ్గరే మొత్తం చెప్పేశా.

అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇన్నేళ్లూ వాణ్ణే తిట్టాను గదరా వలీ."

అంతే అన్నాడు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

శీనూ, నీ మాట దాటాను. కోప్పడకు.

వెళ్లిరా నేస్తం. నువ్వున్న చోట అన్నీ నెమ్మదిగా ఉండాలి. హాయిగా నిద్రపోరా.