మా ఆయననూ మా వాననూ తీసుకున్న అడవి

సాయంకాలం ఏడింటికి పెనుకొండలో మా ఇంటి ఫోను మోగితే అది ఆయనే. ఏళ్ల తరబడి అంతే. అందుకే మొన్న ఆషాఢంలో రిసీవరు ఎత్తుతూనే "ఏం సార్, ఆడ వానా?" అన్నాను. అటువైపు రోజూ వినే జనరేటరు హోరు, దాని మధ్య ఆయన శిష్యుడెవరిదో ఏడుపు. వృక్షశాస్త్రాచార్యులు, సహ్యాద్రి సతతహరితారణ్యంలోని క్షేత్రపరిశోధనా కేంద్రానికి ప్రాణప్రతిష్ఠ చేసిన కర్మయోగి, నా భర్త ఓబులేశు గారు నారుమొక్కలు చూడబోయి, చెట్ల నడుమ గుండె ఆగి ఒరిగిపోయారట. నా మీద పిడుగు పడింది. అయినా మొదట కలిగిన ఆలోచన దాచను: ఆఖరి ఊపిరి కూడా దానికే ఇచ్చారు కదా!

అది అంటే ఆ అడవి. నా సవతి. జీవితమంతా తెలుగు పండితురాలిగా బతికిన నాకు ఇంతకన్నా తగిన పదం దొరకలేదు.

తొంభైల మొదట్లో ఆయనకు హిందూపురం కాలేజీలో నిక్షేపంలాంటి ఉద్యోగం. ఒకసారి విద్యార్థులను ఆ అడవి చూపించడానికి తీసుకుపోయారు. పిల్లలు తిరిగొచ్చారు, ఆయన మనసు రాలేదు. మరుసటేడే రాజీనామా. అప్పటికి అక్కడున్నది ఒక రేకుల షెడ్డు. ఆయన చేతుల మీదుగా ప్రయోగశాల లేచింది, పిల్లలకు వసతిగృహం వచ్చింది, నరికి బోడి చేసిన వాలు మీద మళ్లీ అడవి మొలిచింది. "ఆడ ఏముండాదని పోతాండారు?" అని నేను నిలదీస్తే, "ఏమీ లేకుంటే నీకింత కడుపుమంట ఎందుకు టీచరమ్మా?" అని నవ్వేవారు.

కడుపుమంట కాక మరేమిటి? పడమటి మేఘం దాని ఒడిలో తనివితీరా కురిసి, ఖాళీ కడవతో మా నెత్తి మీదుగా పోయేది. ఇక్కడ వేరుసెనగ చేలు ఆకాశం చూస్తూ మాడేవి. మొగుడూ దానికే, వానా దానికే. ఇదెక్కడి న్యాయం?

ఆ అడవిలో జలగలు మామూలు మేజోళ్లలో దూరిపోతాయి. ధర్మవరంలో మా అన్న మగ్గం మీద దట్టమైన నూలుగుడ్డ నేసి ఇచ్చేవాడు. దానితో మోకాళ్ల దాకా వచ్చే మేజోళ్లు ఏటా కుట్టి పంపేదాన్ని. ఏటా ఆయన కాళ్ల నిండా జలగ మచ్చలతో ఇల్లు చేరేవారు. "మేజోళ్లు యాడ?" అంటే, "పిల్లోళ్లకిచ్చినాలే. పట్నం పిల్లోళ్లు, రగతం చూస్తే బెదురుకుంటారు" అనేవారు. ఒక ఏడు ఎర్రదారంతో ఆయన పేరు కుట్టి పంపాను. అవీ ఎవరికో ఇచ్చేశారు. ఒళ్లు మండిపోయింది.

"చెట్టు దగ్గర తొందరపడేవానికి చెట్టు ఏమీ చెప్పదు. ఆగల్ల" అన్న ఆయన మాటను శిష్యులు వేదవాక్యంలా చెప్పుకుంటారు. ఆగడం ఆయన నేర్పింది వాళ్లకా, నాకా?

రోజూ ఫోనులో నా మొదటి ప్రశ్న వాన గురించే. "యాడిది? ఈడా మబ్బులు ఊరికే పోతాండాయి" అనేవారు. మరి జలగలెట్లా అంటే "వాటికేం, తడి ఆకు చాలు" అనేవారు. వెనక ఆ హోరేమిటంటే "జనరేటరులే. పాతది, అరుస్తాంటాది." ఆ పూటకైనా సవతి కూడా ఎండుతోందన్న సంతోషంతో అన్నం సహించేది నాకు.

ఆయన బతికుండగా ఎన్నిసార్లు పిలిచినా పోని దాన్ని, సంస్మరణ సభకు పోయాను. ఆ మాయలాడిని ఒక్కసారైనా చూడాలి కదా! సభ ఆ పాత రేకుల షెడ్డులోనే. ఆయన మాట్లాడిన ఫోను ఒక మూల ఉంది. శిష్యులు ఒక్కొక్కరే లేచి "నాకు తండ్రి" అన్నారు. ప్రతి కాలికీ నా మేజోళ్లే. నాకు మిగలని మనిషిని వీళ్లంతా పంచుకున్నారని లోలోపల రగిలిపోతున్నాను. అంతలో నెత్తిమీద అదే హోరు మొదలైంది.

మడకశిర నుంచి వచ్చి అక్కడ వంట చేస్తున్న గిరిజమ్మ నా పక్కన కూర్చుని ఉంది. "జనరేటరు వేసినారా?" అని అడిగాను.

"జనరేటరా? ఈడ యాపొద్దూ లేదు కదమ్మా, కరెంటు పోతే లాంతర్లే. అది రేకుల మీద వాన" అంది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. "సారు ఫోను పట్టుకుంటే మేమంతా గమ్మునుండల్ల. 'వాన మాట ఎత్తొద్దండప్పా, మా టీచరమ్మ ఊర్లో చుక్క పడలేదు' అంటాండె."

ఆ మహామనీషి స్థానం అపూరణీయమని సభ తీర్మానించింది. కాదనను. ఆ అడవి పచ్చగా ఉన్నన్నాళ్లూ ఆయన కీర్తి పచ్చగా ఉంటుంది. ఆయన శ్రమ దానికి దక్కింది, పాఠాలు శిష్యులకు దక్కాయి. ఆ అబద్ధం మాత్రం నాది. అందులో ఎవరికీ వాటా ఇవ్వను.

నిన్న సాయంకాలం పెనుకొండలో పెద్ద వాన. మా వసారా రేకులు హోరెత్తాయి. ఏడింటికి, మోగని ఫోను ఎత్తి చెవికి ఆనించుకున్నాను.

"ఏం లేదులే సార్, జనరేటరు" అన్నాను.