వెనక బెంచీకి జరిగిన మా నాయన

మా నాయన మా చర్చి పెద్ద. ముప్పై ఏళ్లుగా ముందు బెంచీలోనే కూర్చునేవాడు, పాట ఎత్తుకునేది ఆయనే. రెండేళ్ల కిందట ఉన్నట్టుండి మూడో బెంచీకి మారాడు. తర్వాత ఆరో బెంచీ. వానలు మొదలయ్యేసరికి తలుపు పక్క బెంచీ. ప్రసంగం మధ్యలో లేచి బయటికి పోయేవాడు. పాస్టరుకూ ఆయనకూ చెడిందని సంఘమంతా అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

నాకు తల కొట్టేసినట్టయ్యేది. ఒక ఆదివారం చర్చి నుంచి మా ఊరు కూరెకుప్పకు తిరిగి వస్తున్న ఆటోలో, అందరూ వింటుండగానే అడిగేశాను.

"ఏంది నాయనా ఇది? దేవుని మాట వినేదానికి అంత బేజారా నీకు?"

"లోపల ఉడుకప్పా. గాలికి పోతాండా."

"అబద్ధం. పాస్టరు మీద కోపముంటే ఆయన మొగం మీదే చెప్పు. మా పరువు తీయొద్దు."

ఆయన ఇల్లు వచ్చేదాకా రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

పోయిన ఎండాకాలం నాయనకు నడుం నొప్పి పట్టుకుంది. మేస్త్రీ పని చేసిన నడుం, నొప్పి రాక ఏమవుతుందిలే అనుకున్నాం. సండూరు నుంచి నాటు వైద్యుడి నూనె తెచ్చి మూడు నెలలు నేనే రుద్దాను. ఆ ఎముకల్లో ఏముందో తెలియక బలమంతా పెట్టి రుద్దాను. ఒకరోజు మంచం దిగబోతే ఆయన కాళ్లు నిలబడలేదు.

బళ్లారిలో డాక్టరు నడుం సంగతి తర్వాత చూశాడు. మూత్రం ఇబ్బంది ఎన్నాళ్ల నుంచని ముందు అడిగాడు. నాయన నా వైపు చూడకుండా గోడకు చెప్పాడు.

"రెండేండ్లు సార్. చర్చిలో ఒంటికొస్తే ఆగేది కాదు, దానికే తలుపు కాడ కూచుంటాంటి. ఒకసారి పంచె తడిసింది. కొడుక్కి ఎట్ల చెప్పేది?"

పరీక్షలయ్యాక తెలిసింది, ప్రోస్టేట్ క్యాన్సర్. వెన్నుకూ తుంటికీ పాకింది. నేను డాక్టరు చేతులు పట్టుకుని, తీసేయండి సార్, ఆపరేషన్ చేయండి సార్ అని ఏడ్చాను. ఆయన చేతులు విడిపించుకోలేదు.

"ముందే వచ్చింటే వేరే మాట చెప్తాంటి. మన దేశంలో చానామంది ఇట్లే వస్తారప్పా, నడుం నొప్పని, కాళ్లు పడిపోయినాయని. అప్పటికే ఎముకలకు దిగింటాది. ఇంజెక్షన్లతో కొన్నాళ్లు అణచిపెట్టొచ్చు. నయం చేయలేను."

చానామంది అంటే నాకేం ఓదార్పు? ఒక మనిషి రెండేళ్లు నా కళ్లముందే తలుపు వైపు జరుగుతూ పోతే, నేను ఆయన భక్తికి మార్కులు వేస్తూ కూర్చున్నాను. నన్ను తలుచుకుంటే నాకే అసహ్యం వేస్తోంది.

ఇంజెక్షన్లు వేయిస్తున్నాం. నొప్పి తగ్గింది, కాళ్లు రాలేదు. ఎముక పెళుసైంది, బరువు పడితే విరుగుతుందన్నారు. ఈ పొద్దున నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"అప్పా, ఒక్కసారి మోకాళ్ల మీద నిలబెట్టు. పండుకోని ప్రార్థన చేస్తే చేసినట్టే లేదు."

"వద్దు నాయనా. ఎముక విరుగుతాది."

"నువ్వు పట్టుకో. నువ్వు పట్టుకుంటే నేను పడను."

నాకు భయమేసింది. నేను పట్టుకోలేదు.