సూపులో పంచదార

నర్సుల హాస్టల్ వంటగదిలో గరిటక్క "ఊఁ" అంటేనే గిన్నె పొయ్యి దిగుతుంది. గరిటె కొసన ఉన్న చుక్కని ఎడమ అరచేతిలో వేసుకుని, నాలుకతో అందుకుని, ఒక కన్ను మూసి కాసేపు ఆలోచిస్తుంది. ఆ తర్వాత గుప్పెట్లోంచి చిటికెడు ఉప్పు రాలుతుంది, లేదా రాలదు. ఆ "ఊఁ" పడ్డాక ఇంక ఆ గిన్నె జోలికి ఎవరూ పోకూడదు. వార్డెనమ్మ అంతటి మనిషి కూడా "గరిటక్క చూసిందా?" అని అడిగి, చూసిందంటే మారు మాట్లాడకుండా పళ్లెం అందుకుంటుంది. చదువు లేదు, నగా నట్రా లేదు, పిల్లలు కలగలేదు. ఆమెకున్న ఆస్తి ఆ నాలుక ఒక్కటే.

ఆ నాలుక చచ్చిపోయింది. భర్తని మట్టిలో కలిపి వచ్చిన రోజున ఎవరో బలవంతాన నోట్లో అన్నం పెడితే తడి కాగితం నమిలినట్టు అనిపించింది. దుఃఖం కదా అనుకుంది. నెలలు గడిచాయి. దుఃఖం పోలేదు, రుచి రాలేదు. ఆయనతో పాటే వెళ్లిపోయిందిలే అని తనకు తానే చెప్పుకుని, అందులో కూడా కాస్త ఓదార్పు వెతుక్కుంది. కానీ ఎవరికీ చెప్పలేదు. చెప్తే గరిటె చేజారుతుంది, గరిటె పోతే ఇంక గరిటక్క ఏముంది? అందుకని చేతి అలవాటు మీదే ఉప్పు వేస్తూ, చుక్క అరచేతిలో వేసుకుంటూ, కన్ను మూస్తూ, "ఊఁ" అంటూ నెట్టుకొచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. చెయ్యి ఇంకా బతికే ఉంది కదా అని మురిసిపోయింది కూడా.

"మా చుట్టాలావిడకి ఇలా ఉంది" అని ఒక నర్సమ్మని అడిగితే, "ఒక్కోసారి ఎప్పటి నుంచో అలవాటైన రుచి తగిలితే ఉన్నట్టుండి తిరిగొస్తుందిలే" అందా పిల్ల. ఆ మాట నిజమో, పెద్దావిడని ఊరుకోబెట్టడానికి అందో దేవుడికే తెలియాలి. గరిటక్క మాత్రం దాన్ని కొంగున ముడేసుకుని, పట్నం ప్రయాణం కోసం కాచుక్కూచుంది.

ఏటా హాస్టల్ సెలవుల్లో వంటగది ఆడవాళ్లు నలుగురూ పట్నం వెళ్లి రెండు రోజులు తిని వస్తారు. అంతే పని. బజార్లు చూడరు, బొమ్మల కొలువులాంటి షాపుల వైపు కన్నెత్తరు. ఏడాది పొడవునా ఊరందరికీ వండి, చివర్లో చల్లారిన అడుగంటు తినే మనుషులు; కూర్చున్న చోటికి వేడివేడిగా తెచ్చి పెడితే తినాలని వాళ్ల కోరిక. గరిటక్క కాక రొట్టెల పిన్ని ఉంది, అందరిలోకీ పెద్దది, పిండి పని ఆవిడది. కూరగాయలు తరిగేది కత్తిపీట. కత్తిపీట ముందు కూర్చుంటుందని కాదు, నోరు అలాంటిదని ఆ పేరు. నాలుగోది చిన్నది, గిన్నెలు తోముతుంది. వీళ్లకో కట్టుబాటు ఉంది: పట్నంలో ఎవరూ ఎవరికీ వడ్డించకూడదు, తిన్న పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. పేర్చిన వాళ్లు మిగతా ముగ్గురికీ ఐస్‌క్రీమ్ కొనిపెట్టాలి. ప్రతి ఏడూ చిన్నదే దొరికిపోతుంది. ఎంగిలి పళ్లెం కనపడితే దాని చేతులు ఊరుకోవు.

బస్సులో గరిటక్క హుషారుగానే ఉంది. రొట్టెల పిన్నిని ఆటపట్టించింది. "పిన్నీ, ఈసారి హోటల్ వాళ్ల కూరలో కూడా నీ పిండి ముద్దలు తేలతాయేమో చూడాలి!" ఈ మధ్య కూర గిన్నెల అడుగున పిండి ముద్దలు దొరుకుతున్నాయి. గరిటక్క వాటిని గరిటెతో పైకి తీసి, అందరి ముందూ పిన్నిని చెడామడా దులిపేసింది కూడా, చేతులు వణుకుతుంటే పొయ్యి దగ్గరికి రావడమెందుకని. పిన్ని తలొంచుకుని "వయసైపోయిందే తల్లీ, జారిపోతున్నాయి" అంది.

మాటల్లో భర్త ప్రస్తావన వచ్చింది. ఆయన గోడౌన్ కాపలాదారు. లారీ వెనక్కి వస్తుంటే చూసుకోలేదు, అంతే, క్షణంలో అయిపోయింది. "చివర్లో ఆ మనిషికి ఎంత దాహమనుకున్నారు! పక్కలో చెంబు పెట్టుకుని పడుకునేవాడు. షుగరొచ్చిందేమోనని రెక్క పట్టుకుని పరీక్షకి లాక్కెళ్లాను. షుగరూ లేదు, పాడూ లేదు. 'నీకు షుగర్ కాదయ్యా, పోయిన జన్మలో ఒంటెవి' అన్నాను" అని చెప్పి, తనే నవ్వింది. మిగతా ముగ్గురూ నవ్వలేదు. కత్తిపీట కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చచ్చిపోయినవాడి మీద నవ్వడం బాగుండదని కాబోలు అనుకుంది గరిటక్క.

మొదటి హోటల్ ఎప్పుడూ ఒకటే. స్టేషన్ వెనక సందులో, మెట్లెక్కి పైకి వెళ్లాలి. గోడకి ఆనించిన నాలుగు కుర్చీల బల్ల వాళ్లది. మిరియాలు దండిగా వేసిన కోడి సూప్ అక్కడ తాగితే ముక్కు, చెవులు, నెత్తి అన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. అలవాటైన రుచి అంటే గరిటక్కకి ఇదే. గిన్నెలు వచ్చాయి. పొగ ముఖానికి తగిలింది. ఆమె చెంచా ముంచి, హోటలన్న సంగతి మరిచిపోయి, అరచేతిలో చుక్క వేసుకుంది. నాలుకతో అందుకుంది. ఒక కన్ను కాదు, రెండు కళ్లూ మూసుకుంది.

వేడి తెలిసింది. మిరియం మంట గొంతులో ఎక్కడో చురుక్కుమంది. అంతకు మించి ఏమీ లేదు. వేన్నీళ్లు.

ఇంకో చెంచా తాగింది. ఇంకోటి. లోపల ఏదో కూలిపోతున్నా ముఖం మాత్రం చెక్కు చెదరనివ్వలేదు. ముగ్గురూ తననే చూస్తున్నారని గమనించి, గొంతు సవరించుకుని తీర్పు చెప్పింది. "ఈ ఏడు వంటవాడు మారినట్టున్నాడే. ఉప్పు తగ్గింది." బల్ల మీద మూత ఉన్న చిన్న గిన్నె దగ్గరికి లాక్కుని, అందులోని తెల్లటి పొడి రెండు చెంచాలు వేసుకుని కలిపి తాగింది. "ఊఁ. ఇప్పుడు సరిపోయింది."

రొట్టెల పిన్ని చెయ్యి చాపి, తన సూపులో రెండు చెంచాలు వేసుకుంది. కత్తిపీట వేసుకుంది. చిన్నది వేసుకుంది. ముగ్గురూ వంచిన తల ఎత్తకుండా గిన్నె అడుగు దాకా తాగేశారు. "నిజమే అక్కా, ఇప్పుడు కుదిరింది" అంది కత్తిపీట. గరిటక్క ప్రాణం లేచొచ్చింది. నాలుక పోతే పోయింది, తన మాట మీద నమ్మకం ఇంకా పోలేదు.

గిన్నెలు తీయడానికి వచ్చిన సర్వర్ పెద్దాయన ఏటా వీళ్లని చూస్తున్నవాడే. బల్ల మీద తెరిచి ఉన్న మూతని చూశాడు, గిన్నె అంచున అంటిన పొడిని చూశాడు. "అదేంటమ్మా, ఇది సూపులో వేసుకున్నారా? కాఫీ కోసం పెట్టిన పొడి పంచదార కదా! ఒకరంటే పొరపాటు, నలుగురూనా?" అని నోరు తెరిచాడు.

గరిటక్క బల్ల వైపు చూసింది. మూడు గిన్నెలూ ఖాళీ. ఒక్కరూ ముఖం చిట్లించలేదు, ఒక్కరూ గుటక ఆపలేదు.

"మీకు తెలుసు" అంది.

చిన్నది ఏడుపు ఆపుకోలేక గబగబా గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలెట్టింది. ఐస్‌క్రీమ్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

"ఆ పిండి ముద్దలు..." అంది గరిటక్క.

"ఉప్పు లాగేస్తాయని వేసేదాన్నే అమ్మా" అంది రొట్టెల పిన్ని. "నువ్వు ఊఁ అని అటు తిరగ్గానే కత్తిపీట నిన్ను స్టోరు గదికి పిలిచేది. నేను వేసేదాన్ని. ఒక్కోసారి తీయడం మర్చిపోయేదాన్ని."

అందరి ముందూ తిట్టిన తిట్లన్నీ గరిటక్కకి గుర్తొచ్చాయి. సిగ్గుతో ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఆయన పోయాకే ఇలా అయిందే పిన్నీ. నాలుకని కూడా ఆయనే పట్టుకుపోయాడు. తిరిగొస్తుందేమోనని ఇక్కడిదాకా వచ్చాను. ఇంక రాదులే. రేపట్నించి ఊఁ అనే పని కత్తిపీట చూసుకుంటుంది" అంది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కత్తిపీటకి నిజం నోట్లో దాచుకోవడం ఆ నెలలన్నీ ఎలా చేతనైందో గానీ, ఇక చేతకాలేదు.

"బావ పోయాక కాదక్కా. అంతకు చాలా ముందే మొదలైంది" అంది. "ఒక మధ్యాహ్నం బావ మన వంటగది వెనక గుమ్మం దగ్గరికొచ్చాడు. నువ్వు స్టోరులో ఉన్నావు. 'మీ అక్క చేతిలో ఉప్పు ఎక్కువైపోతోందమ్మా, దానికి తెలియట్లేదు. ఇంట్లో నేను తినేస్తాను, నాకేం ఫర్వాలేదు. హాస్టల్లో మాత్రం దానికి మాట రానివ్వకండి, తట్టుకోలేదు' అన్నాడు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

"ఇంట్లో తినేవాడా?" అంది గరిటక్క. మరెక్కడ తింటాడు? రోజూ రెండోసారి కూడా వేయించుకునేవాడు. పళ్లెం తుడిచినట్టు తినేవాడు. తిని లేచి...

సర్వర్ పెద్దాయన పాపం ఏం చేయాలో తోచక నీళ్ల జగ్గు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. గరిటక్క ఆ జగ్గు వైపు చూసింది. చూస్తూనే ఉంది.

పక్కలో చెంబు. చప్పుడు చేయకుండా కుండలోంచి నీళ్లు ముంచుకోవడం. ఆ కాస్త అలికిడికే తను లేచి "ఒక్క రాత్రయినా నిద్రపోనివ్వవా" అని కసరడం. చీకట్లో ఆయన గొంతు: "కూర బాగుందే, రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను." పరీక్షకి లాక్కెళ్లిన రోజున సూది గుచ్చుతుంటే తన వైపు చూసి నవ్విన నవ్వు. అది జబ్బు కాదని ఆయనకి తెలుసు. తెలిసే చెయ్యి చాపాడు.

"దాహమే" అంది గరిటక్క. "ఆ మనిషికి దాహమేసిందే. నేను ఒంటె అన్నానే."

రొట్టెల పిన్ని కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆమెని పట్టుకుంది. గరిటక్క గ్లాసు నిండా నీళ్లు పోసింది గానీ తాగలేదు. బల్ల మీద పక్కనున్న ఖాళీ చోట ఆయనకన్నట్టు పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ హోటల్లో అందరూ తిండి ఆపి చూస్తుండగా ఏడ్చింది.