పాట కింద గిటారు

బందరులో నా చిన్నప్పుడు మా పక్కింటి మావయ్య దగ్గర ఒక గిటారు ఉండేది. ఆయన మాకు చుట్టం కాదు. గోడకు గోడ ఆనుకున్న ఇల్లు కాబట్టి ఆయన మావయ్య, ఆయన భార్య అత్తయ్య. వయసులో ఉండగా ఆయన కలకత్తాలో ఒక హోటల్ బ్యాండులో పాతకాలపు జాజ్ వాయించారు. హోటల్ వాళ్ళు బ్యాండు తీసేశాక ఊరికి తిరిగొచ్చి, చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులకు మెరుగుపెట్టే పనిలో చేరారు.

ఆయన వాయించేది రిథమ్ గిటారు. అందులో పాట ఉండదు. పాట బాకా వాయించేవాడిది, క్లారినెట్ వాయించేవాడిది. ఈయన వాళ్ళ కింద నాలుగేసి దెబ్బల చొప్పున సమంగా నడవాలి. తీగల్ని మీటిన మరుక్షణం ఎడమచేతి వేళ్ళు సడలిస్తారు. మోత అక్కడికక్కడే తెగి, చక్ చక్‌మని పొట్టిగా వినిపిస్తుంది. అలాంటి వాయింపుతో బందరులో ఎవరికీ పని లేకపోయింది. "ఇందులో పాటేదండీ?" అని వీధిలోవాళ్ళు నవ్వేవారు. అత్తయ్య ఒక్కతే సాయంత్రాలు కీర్తన అందుకునేది. ఆయన ఆ పాట కింద వాయించేవారు. ఆవిడ గొంతు అప్పుడు ఎంత తేలిగ్గా నడిచేదో వాళ్ళ అరుగు మీద కూర్చుని వినేదాన్ని.

నాకు పదకొండో ఏట అత్తయ్య గొంతులో గడ్డ లేచింది. గుంటూరు తీసుకెళ్ళి చూపించారు. అక్కడి డాక్టర్లు చేయడానికేమీ లేదని చెప్పి పంపేశారు. మావయ్య ఆ మాట ఆవిడతో అనలేదు గానీ, ఆవిడకు తెలుసు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి వాళ్ళింటికి వెళ్ళాను. అత్తయ్య మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని, గిటారు తీయమని సైగ చేసింది. ఆయన తీశారు. రెండు చరణాలు పాడింది. గొంతు గరగరలాడినా పాట చెదరలేదు. మూడో చరణంలో మాట ఆగిపోయింది. పెదాలు కదులుతున్నాయి గానీ శబ్దం లేదు.

నాకు భయమేసింది. సాయం చేద్దామనుకుని అక్కణ్ణుంచి నేను పాట అందుకున్నాను. మావయ్య చెయ్యి ఆపకుండానే నావైపు చూశారు.

"ఆగమ్మా," అన్నారు మెల్లగా. "అది అత్తయ్య చోటు."

నోరు మూసుకున్నాను. ఆయన ఆ చరణం పొడుగునా వట్టి గిటారే వాయించి, మళ్ళీ చరణం మొదటికి వచ్చారు. దెబ్బ పెంచలేదు, తగ్గించలేదు. ఆవిడ పాడాల్సిన చోటంతా అలాగే ఖాళీగా ఉంది. ఎన్నిసార్లు తిరిగి వచ్చారో తెలియదు. వచ్చిన ప్రతిసారీ ఆవిడ ఊపిరి తీసుకునేది. ఈసారి పాడుతుందని నేను అనుకునేదాన్ని. చివరికి ఆవిడ చెయ్యి చాచి, అరచేత్తో తీగల్ని మూసింది. ఆయన ఆపేశారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

వానలు రాకముందే అత్తయ్య పోయింది. ఉప్పుగాలికి గిటారు తీగలు తుప్పు పట్టాయి. నాకు నేర్పమని అడిగితే, ఒకసారి వాయించమని బతిమాలితే, "దేని కింద వాయించనమ్మా?" అన్నారు. మళ్ళీ గిటారు ముట్టుకోలేదు.

ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి. పక్షవాతం వచ్చాక మా ఆయనకు మాట సరిగా రావడం లేదు. ఏదో చెప్పబోయి సగంలో ఆగిపోతారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు జాలిపడి తలో మాటా అందిస్తారు. ఆయన అవునని తలూపేస్తారు. అది ఆయన చెప్పాలనుకున్నది కాదని నాకు తెలుసు. నేను మాత్రం ఏ మాటా అందించను. పక్కన కూర్చుని, ఆయన ఆ ప్రయత్నం వదిలేసేదాకా ఉంటాను. చాలాసార్లు ఆ మాట రాదు. ఇకమీదట వస్తుందని డాక్టరు కూడా అనడం లేదు. అయినా అది ఆయన మాట. నేను తీసుకోను.